పందులను తోలిన మా పాట

మా బ్యాండు చేసిన పాట ఒక్కటే. అది పోయిన చలికాలం మా ఊరి మొక్కజొన్న చేలలో అడవి పందులను తోలింది. ఈ సంగతి ఎంత మామూలుగా రాద్దామనుకున్నా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నలుగురం కలిసి హెవీ మెటల్ బ్యాండు పెట్టాం. నేను పాడేవాణ్ణి, అంటే అరిచేవాణ్ణి. డ్రమ్ములు వాయించేది చీరాల సాయిబుల అబ్బాయి. వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచీ అందరూ పెళ్ళి మేళంలోనే వాయిస్తారు. మిగతా ఇద్దరివీ గిటార్లు. సీజను అయిపోయాక ఖాళీ పడ్డ ఒక మిరపకాయల గోడౌనులో సాధన చేసేవాళ్ళం. బస్తాలు వెళ్ళిపోయినా ఘాటు వెళ్ళదు కదా. నా గొంతులో ఆ బొంగురు కష్టపడి తెచ్చుకున్నానని చెప్పుకునేవాణ్ణి గానీ, సగం ఆ ఘాటు పుణ్యమే.

రోహిణి కార్తె ఎండల్లో కూడా నల్ల టీషర్టులే వేసుకునేవాళ్ళం. చెమట ఆరితే వీపు నిండా ఉప్పు చారలు తేలేవి. జుట్టు భుజాల దాకా. ఎవరు పలకరించినా నవ్వకూడదని మాలో మాకు ఒప్పందం. అది పెద్ద కష్టం కాలేదు, ఆ వేషంలో మమ్మల్ని పలకరించే నాథుడే లేడు.

వేషం సంగతి ఎలా ఉన్నా, పాట మాత్రం ఉత్తుత్తిది కాదు. నేను రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న మిరప తోట నకిలీ విత్తనాల వల్ల మొత్తం పోయింది. నేను హాస్టల్లో ఉన్నాను. అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నాన్న ఏమీ అనలేదు. విత్తనాలు అమ్మిన కొట్టు ముందు ఊరంతా గొడవ చేస్తుంటే ఆయన ఒక పక్కన నిలబడి ఇంటికి వచ్చేశాడట. ఆయన అరవలేదు కాబట్టి ఆయన తరఫున నేను అరవాలనుకున్నాను. 'మొలవని విత్తనం, మొలవని విత్తనం' అని ఆ పాటంతా గొంతు చించుకున్నాను.

కాలేజీ వార్షికోత్సవంలో మూడో నిమిషానికే ఒక లెక్చరర్ మంచినీళ్ళ సీసాతో స్టేజీ ఎక్కి, ఆయాసం ఏమైనా ఉందా అని అడిగి మైకు కట్టేయించారు. అది కూడా సరిపెట్టుకున్నాను. నాన్న ఒక్కసారి వింటే చాలనుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళి ఫోన్లో పెట్టి వినిపించాను. ఆయన అర నిమిషం విని, "ఫోను చెడిపోయినట్టుంది, బాగు చేయించుకోరా" అని దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ నేను ఆ పాట మాట ఎత్తలేదు. చదువు అయ్యాక బ్యాండు చెదిరిపోయింది. డ్రమ్ములవాడు పెళ్ళి మేళంలో చేరాడు. నేను జుట్టు కత్తిరించుకుని గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగంలో పడ్డాను.

పోయిన చలికాలం ఒక శనివారం సాయంత్రం ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగాను. చేల వైపు నుంచి నా గొంతే వినబడింది. ఒక చోటి నుంచి కాదు. నాలుగైదు చేలలో, ఒకదాని వెనుక ఒకటి, ఏదీ దేనితోనూ కలవకుండా మా పాట మోగుతోంది.

ఇంట్లో అడిగితే అమ్మ తాపీగా చెప్పింది. పందుల కోసం కుక్కల అరుపులు ఎక్కించుకుందామని నాన్న కార్డు పెడితే మోగే బ్యాటరీ మైకు కొన్నాడట. మెమరీ కార్డు కోసం నా పాత పెట్టె వెతికితే మా పాట ఉన్న కార్డు దొరికిందట. పనిచేస్తుందో లేదో చూద్దామని అరుగు మీద పెట్టి నొక్కాడట. "గేదె పలుపు తెంపుకుని పోయిందిరా. ఇక కుక్కలెందుకని అదే ఉంచేశాడు. పక్క చేలవాళ్ళు కూడా ఎక్కించుకున్నారు," అంది అమ్మ.

ఏం చెయ్యాలో తెలియక డ్రమ్ములవాడికి ఫోను చేసి వాపోయాను. వాడు పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, నేను పెళ్ళిళ్ళలో వాయిస్తుంటే అందరూ భోజనాల గోలలోనే ఉంటారు. మన పాట పందులన్నా వింటున్నాయి, ఏడవకు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్ళాను. నాన్న మంచె కింద కూర్చుని మైకు బ్యాటరీ మారుస్తున్నాడు. నిలదీద్దామనే వెళ్ళాను.

"నాన్నా, అది పందుల కోసం పాడింది కాదు," అన్నాను.

"తెలుసు," అన్నాడు ఆయన, తలెత్తకుండా. "మన తోట పోయినప్పటిది కదా."

నేను ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

"రెండు నెలల నుంచీ మంచె మీద పడుకుని రోజూ వింటున్నా. మొదట్లో అంతా రొదే. పోను పోను మాటలు తెలిశాయి. మధ్యలో డప్పులు ఆగిపోయి నువ్వొక్కడివే అరుస్తావు చూడు, అక్కడ పందులు పరుగెత్తేవి. ఇప్పుడు వాటికీ అలవాటైపోయింది, పక్కనే మేస్తున్నాయి. మీ వాళ్ళని పిలిచి ఇంకోటి చెయ్యి."

ఇన్నేళ్ళలో మమ్మల్ని రెండో పాట అడిగిన మనిషి ఆయనొక్కడే. అదీ పందుల కోసం. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"ఈసారైనా సరిగ్గా చెప్పు," అన్నాడు నాన్న మళ్ళీ. "అందులో తప్పుంది."

"ఏం తప్పు?"

"మొలవలేదని అరుస్తావు. మొలవకపోతే అప్పుడే దున్నేసి ఇంకోటి వేసుకునేవాణ్ణిగా. మొలిచాయిరా. ఊళ్ళో ఎవరికీ లేనంత ఏపుగా వచ్చింది తోట. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. రోజూ వెళ్ళి ఆకులెత్తి చూసేవాణ్ణి. ఒక్క కాయ కాయలేదు."

ఆ ఏడాది నేను ఒక్కసారి కూడా చేలోకి రాలేదని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

"ఎంత ఎత్తు పెరిగింది నాన్నా?" అని అడిగాను.

ఆయన మైకు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అరచెయ్యి చాచి, తన గుండెల దగ్గర పెట్టి చూపించాడు.