మావయ్యకు నేను తగిలించిన కీ.శే.

మా మావయ్యను నేను ఒకసారి చంపేశాను. కంగారు పడకండి. ఆయన ఇప్పటికీ భిలాయి రుఆబాంధా సెక్టారులో జిలేబీ తింటూ, బీపీ మాత్ర మర్చిపోతూ నిక్షేపంలా ఉన్నాడు. కానీ శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా బంధువులందరూ ఆయన కోసం తలస్నానాలు చేసేశారు. ఆ ఘనకార్యం పూర్తిగా నాదే, వాటా అడగడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.

అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. భిలాయిలో పుట్టి పెరిగిన దాన్ని, హిందీ దంచేదాన్ని. నా తెలుగు వింటే అమ్మ తల పట్టుకునేది. చదవడం మాత్రం గోడ క్యాలెండర్ చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అంత పాండిత్యంతో నేను తలకెత్తుకున్న పనేమిటో తెలుసా? ఇంట్లోని పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి, రంగుల కాగితాలూ పూల ఫ్రేములూ స్టిక్కర్లూ పెట్టి డిజిటల్ స్క్రాప్‌బుక్ తయారు చేయడం. ప్రతి ఫోటో కిందా తెలుగులోనే పేర్లు. మావయ్య రిటైర్మెంటుకు అదే నా కానుక.

మావయ్య అంటే అమ్మకు అన్నయ్య, అప్పలరాజు. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఇంటి దగ్గర భోజనాలకు భిలాయిలో ఉన్న మావాళ్లందరూ వస్తున్నారు. ఊళ్లలో ఉన్నవాళ్లకు దూరం, పలాసలో ఉన్న పెద్దమ్మకు పంతం. పెద్దమ్మ వీళ్లిద్దరికీ అక్క. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో కుటుంబమంతా గ్రూప్ ఫోటోకు నిలబడితే, ఆవిడ చీర మార్చుకోవడానికి వెళ్లింది. మావయ్య ఆకలికి ఆగలేక ఫోటోగ్రాఫర్‌తో "ఖీంచ్ దో భయ్యా", తీసెయ్ అనేశాడు. పెద్దమ్మ పట్టుచీరతో వచ్చేసరికి అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"నువ్వు బతికున్నన్నాళ్లూ నీ గడప తొక్కనురా" అని పెద్దమ్మ అక్కడే ఒట్టేసింది. అప్పటి నుంచి మాటల్లేవు.

మావయ్య పైకి "రాకపోతే మానీమను" అంటాడు గానీ, నేను స్కాన్ చేస్తుంటే ఆ గ్రూప్ ఫోటో తీసి చూస్తూ, "అక్కని ఇక్కడ అతికించగలవేటే అమ్మడూ?" అని అడిగాడు. నాకు జాలేసింది. ఈ పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలనుకున్నాను. మీరు గమనించాలి, ఇదంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిందే.

పాత ఫోటోల మీద తాతగారి పేరు ముందు "కీ.శే." అని ఉంది. ముత్తాత పేరు ముందూ అదే. పెద్దవాళ్లకు మాత్రమే ఇచ్చే బిరుదన్నమాట, శ్రీ కంటే ఒక మెట్టు పైన, ప్లాంటులో సీనియర్ అన్నట్టు. అలా అనుకుని, మెడలో బంతిపూల దండతో ఉన్న మావయ్య ఫోటోను అందంగా ఉంటుందని నలుపు తెలుపులోకి మార్చాను. అటొకటి ఇటొకటి దీపాల స్టిక్కర్లు పెట్టాను. పైన "కీ.శే. అప్పలరాజు గారు" అని రాశాను. పర్మనెంటు అన్న మాటకున్న విలువ భిలాయి వాళ్లకు చెప్పక్కర్లేదు కదా! కింద "ఇక పర్మనెంటు విశ్రాంతి" అనబోయి, అచ్చ తెలుగులో ఉండాలని "ఇక శాశ్వత విశ్రాంతి" అన్నాను. భోజనాలైన సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

క్షణంలో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఎంత మర్యాదస్తులండీ మా వాళ్లు! "ఓం శాంతి" అన్నారు. రిటైరైన మనిషికి కావలసింది శాంతే కదా అని ఒక్కొక్కరికీ థ్యాంక్యూ చెప్పి నవ్వు బొమ్మ పెట్టాను. విజయనగరం బాబాయి "ఎలా జరిగింది?" అని అడిగాడు. "చాలా బాగా జరిగింది బాబాయ్! అందరం డాన్స్ చేశాం. మీరే మిస్సయ్యారు" అన్నాను.

మావయ్య ఆ గ్రూపులో లేడు, ఆయనకు ఒక్క ఫోనూ రాలేదు. పోయినవాడికి ఎవరు చేస్తారు? అమ్మ ఫోను వంట హడావుడిలో మావయ్య వంటింట్లోనే పప్పు డబ్బాల వెనక పడి ఉంది. మర్నాడు పొద్దున దొరికితే అమ్మ గ్రూపు తెరిచి చూసింది.

"ఒలే! కీ.శే. అంటే ఏటనుకున్నావే?"

"శ్రీ కన్నా పెద్దది కదా మమ్మీ? తాతకుంది, ముత్తాతకుంది..."

"ఆల్లు పోనారు కాబట్టి ఉందే! కీర్తిశేషులే!"

"అంటే?"

"స్వర్గీయ్!" అని అమ్మ హిందీలోకి దిగితే గానీ నాకు బోధపడలేదు.

అంతలో పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మ రాత్రే రైలెక్కీసింది. ఏడుపులో ఫోను ఇంటికాడే వదిలీసింది. మావయ్య శవాన్ని తీసీసినారా?"

"మీ మావయ్య జిలేబీ తింటన్నాడ్రా" అంది అమ్మ నీరసంగా.

మావయ్య నన్ను తిడతాడనుకున్నాను. ఆయన జిలేబీ పక్కన పెట్టేశాడు. "అక్క వస్తన్నాదా?"

"నువ్వు పోయావని వస్తోంది మావయ్యా!"

"ఎందుకొస్తే ఏటే? వస్తన్నాది కదా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దుర్గ్ స్టేషన్ నుంచి ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. "ఓరి నా తమ్ముడో! ఒక్క ఫోటోకి ఇంత పంతం పట్టీసినానురో!" అని పెద్దమ్మ గుండెలు బాదుకుంది. పక్క క్వార్టర్ ఆంటీ "క్యా హువా దీదీ?" అంటూ పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ ఎవరినీ చూడకుండా వచ్చి గుమ్మంలో సరాసరి మావయ్యను గుద్దుకుంది.

"రా అక్కా."

ఏడుపు టక్కున ఆగింది. "బతికున్నావేట్రా?"

"ఉన్నానే."

వాటేసుకుని ఏడ్చింది. వీపు మీద గట్టిగా చరిచింది. ఆ తర్వాత ఒట్టు గుర్తొచ్చి కిందికి చూసుకుంది. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. "బతికున్నావు కాబట్టి నాను పోతన్నాను" అని లోపలి కాలు వెనక్కి తీయబోయింది.

మావయ్య నా చేతిలో ఫోను లాక్కున్నాడు. "ఇటు చూడక్కా. కీ.శే. అప్పలరాజు. బందుగులందరూ ఓం శాంతి కూడా పెట్టీసినారు. రికార్డులో నాను పోయినోడినే. ప్లాంటులో ఎవుణ్ణైనా అడుగు, రికార్డులో ఉన్నదే లెక్క."

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని నిదానంగా చదివింది. "దీపాలు కూడా ఎట్టింది గుంట" అని రెండో కాలు లోపల పెట్టింది.

నేను పరువు కాపాడుకుందామని ల్యాప్‌టాప్ తెరిచి, "ఇప్పుడే సరిచేస్తాను" అన్నాను. "ముట్టుకోకు!" అని అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు. అందుకే మా స్క్రాప్‌బుక్‌లో ఆయన ఇప్పటికీ కీర్తిశేషుడే. పెద్దమ్మ ఏటా వచ్చి నెల్లాళ్లుండి వెళ్తుంది.

ఆ రోజు భోజనాల దగ్గర మావయ్యకు సందేహం వచ్చింది. "మరి నిజంగా పోయినప్పుడు ఏటి రాస్తావే అమ్మడూ?"

నా బదులు పెద్దమ్మే చెప్పింది. "ఏటి రాసినా నానింక రాను. ఒకసారొచ్చి ఏడిసీసినాను."

కాబట్టి పాఠకులారా, ప్లాంటు పొగగొట్టాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. అర్థం తెలియని అక్షరాలు ఏ మనిషి పేరు ముందూ తగిలించను, తగిలించనివ్వను. మొన్న నా పెళ్లి శుభలేఖలో నా పేరు ముందు చి.ల.సౌ. అని వేయబోతే, దాని అర్థం హిందీలో చెప్పేదాకా అచ్చుకు ఒప్పుకోలేదు.