మూత లోపలి పటం

పాత రేడియోలు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో మూత మాస్టారనేవారు. తాను కట్టిన ప్రతి పెట్టె మూత లోపలా దాని సర్క్యూటు పటం అంటించడం ఆయన నిష్ఠ. "రేపు నేను ఉంటానో ఊడతానో! పెట్టెను బాగుచేసేవాడికి దారి తెలియొద్దూ?" అనేవాడు.

చూపు మందగించిన అక్క కోసం, అక్షరాలను అరచేయంత చేసి తెరమీద చూపే పెట్టె కట్టాడు. పటం చూసి అలాంటివి ఊరూరా మరో నలభై మంది కట్టుకున్నారు. అక్క మళ్ళీ పేపరు పైకి చదవసాగింది. ఆనాటితో ఇంట్లో మిగతావాళ్ళ మనశ్శాంతి ముగిసింది. ఇప్పుడు సినిమా డిస్కులు కూడా, అందులో ముందు తనకిష్టమైన పాత సినిమా, పెద్దగా చూపించమంది.

అక్కడే చిక్కొచ్చి పడింది. ఎవరూ కాపీ కొట్టకుండా, ప్లేయరు నుంచి వచ్చే బొమ్మకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఇచ్చే సంస్థ అరవై రెండు పేజీల ఒప్పందం పంపింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని దాన్ని శాస్త్రోక్తంగా పారాయణం చేశాడు. తేలిందేమంటే, పటం ఎవరికీ చూపకూడదు. చిప్పుల మీద గట్టిపడే జిగురు పోయాలి. పెట్టెను సొంతదారు విప్పలేకుండా ఉండాలి.

దాంతోపాటు వచ్చిన దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: "పెట్టె విప్పడం గురించి మీరు తీసుకున్న జాగ్రత్తలు?" ఆయన మనస్ఫూర్తిగా రాశాడు: "నాలుగే స్క్రూలు. స్క్రూడ్రైవరు ఎక్కడా పోకుండా పెట్టెకే దారంతో కట్టాను."

మూడోరోజు సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఇలాగైతే కాపీ కొట్టేవాళ్ళకి మీరే తలుపు తీసినట్టండీ."

"మా అక్కకి డెబ్బై నాలుగమ్మా. కాపీ కొట్టే వయసు బళ్ళోనే దాటిపోయింది."

"రూల్స్ సార్. పటం తీసేసి, జిగురు పోసి పంపండి. వారంలో అనుమతి వస్తుంది."

జిగురు సీసా కొన్నాడు. రెండురోజులు దాన్ని బల్లమీద పెట్టుకుని, పామును చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. చివరికి అక్కే అడిగింది.

"ఏరా, సినిమా చూపిస్తావా, ఈ సీసానే చూపిస్తావా?"

సంగతంతా చెప్పాడు.

"మరి పాడైతే?"

"నేనూ విప్పలేనక్కా. పారేయడమే."

"నువ్వు కట్టిందాన్ని నువ్వే విప్పలేవా? బాగుందిరా సంబడం! ఆ నలభై మంది సంగతో?"

"కొత్త పటం వాళ్ళకి ఇవ్వకూడదు."

అక్క జిగురు సీసాను పక్కకు నెట్టింది. "ఆ సినిమా వయసులో ఉండగా ఏడుసార్లు చూశాను. ఎనిమిదోసారి చూడకపోతే కొంపేం మునగదు. పంపించెయ్ వాళ్ళ కాగితాలు."

మాస్టారు ఒప్పందాన్ని నమస్కారాలతో తిప్పి పంపాడు. ఆదివారం మామూలు టీవీలోనే ఆ సినిమా పెట్టి, అక్క పక్కన కూర్చుని, ఎవరు లోపలికొచ్చారో, ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నారో వివరించసాగాడు.

"నువ్వు నోరు ముయ్యరా, మాటలు వినబడటం లేదు," అంది అక్క.