బావ బండి నెంబర్ల ఆట

మా బావ ఇంగ్లీషు నేర్చుకున్నది పెద్దదోర్నాల మూడు రోడ్ల కూడలిలో. బడి ఆయనకు పదో తరగతితోనే దండం పెట్టింది. ఆ తర్వాత చదువంతా బండి నెంబర్ల మీదే. కూడలిలో ఆయనకు టిఫిన్ హోటల్ ఉండేది. శ్రీశైలం పోయే బండి ఏదైనా తన దోసె తినకుండా పోతే కొండెక్కే ముందే దాని ఇంజను అలుగుతుందని ఆయన నమ్మకం. ఆయన నవ్వితే నల్లమలలో పులులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవని నా నమ్మకం.

ఆయన పోయి ఏడాది దాటింది. నేనిప్పటికీ రోడ్డు మీద బండి వెనకాల బండి నడపలేను. ముందు దాని నెంబరు చదువుతాను, ఆపైన బ్రేకు తొక్కుతాను.

ఆట తేలికే. నెంబరులో రాష్ట్రం అక్షరాలు వదిలేసి, మధ్యలో ఉండే రెండక్షరాలు పట్టుకోవాలి. అవి అదే వరసలో వచ్చే ఇంగ్లీషు మాట చెప్పాలి. డి, ఎల్ అని లారీ పోతే డీజిల్. వి, ఆర్ అని కారు పోతే డ్రైవర్. జె, కె అయితే జాకెట్. ఫోను ముట్టుకోకూడదు. నేనొకసారి జేబులో చెయ్యి పెట్టినందుకే హోటలంతా వినేటట్టు అరిచాడు.

"ఏందిరా, ఫోన్లో ఎతుకుతావా? రెండక్షరాలు కొడితే అది రెండొందల మాటలు రాలుస్తాది. ఇంక నీ మెడ మీద ఆ తలకాయ ఎందుకు, చట్నీలోకా?"

మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు మార్కాపురం ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవలసి వచ్చినప్పుడు కూడా ఆయన ఆట మానలేదు. పొద్దున్నే అక్కా బావా ఆటోలో బయలుదేరేవాళ్లు. మార్కాపురం చేరేసరికి ఆయన తలలో ఒక బండ్ల సంత ఉండేది. నేను ఆ ఊళ్లోనే ఉన్న నా పలకల దుకాణం మూసి వెళ్లేవాణ్ణి. ఆయన ఒక చేతికి సూదులు, గొట్టాలు పెట్టించుకుని, రెండో చేత్తో నన్ను మంచం దగ్గరికి పిలిచి మొదలుపెట్టేవాడు. అక్క మాత్రం, "మీకు పట్టిన పిచ్చికి కూడా ఒక మిషన్ ఉంటే బాగుండు" అని వరండాలోకి పోయి కునికేది.

పక్క మంచం మీద పొదిలి వైపు నుంచి వచ్చే ఒక ముసలమ్మ ఉండేది. బైబిలు తప్ప వేరే మాట నోట రానిది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాకపోయినా మా ఆటకు జడ్జి ఆమే. మాట గట్టిగా చెబితే చాలు, "ఆమెన్" అని ఒప్పేసుకునేది. నేను సణిగితే, "ఆ అబ్బి గొంతులో నమ్మకం లేదు నాయనా, కొట్టెయ్యి" అనేది. నేను సరైన మాటలు చెప్పి ఓడిపోయిన ఆట ప్రపంచంలో అదొక్కటే.

ఒకరోజు ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. మేమెవ్వరినీ అడగలేదు. బావ ఆ రోజు అక్షరాలేమీ తేలేదు.

"ఏం బావా, బండ్లు తిరగలేదా?"

"తిరిగినాయి. నేను చూళ్లే" అన్నాడు, కళ్లు తెరవకుండా.

ఆ తర్వాతి వారం అక్క ఫోను చేసింది. "తమ్ముడా, మీ బావ ఇంక రానంటాన్నాడు. ఎంత చెప్పినా వినడు. నువ్వొచ్చి ఆడించు. ఆటలో పడితే ఆటో ఎక్కుతాడు." ఆటో ఎక్కకపోతే ఏమవుతుందో డాక్టరు ఆమెకు దాచకుండా చెప్పాడు. అందుకే ఆమె గొంతులో తిట్టు లేదు. ఆ గొంతు విని నాకు భయమేసింది.

ఆ సాయంత్రమే వెళ్లాను. హోటలు వెనక గదిలో బావ పడుకుని ఉన్నాడు. అక్కడికి రోడ్డు కనబడదు, మోత మాత్రం వినబడుతుంది. నేను రోడ్డు వైపు గడప మీద నిలబడి సంతలో సరుకు అమ్మేవాడిలా అక్షరాలు అరిచాను.

"పి, కె!"

చాలాసేపు పట్టింది. పాకెట్, పార్కింగ్, పికిల్ అని మూడు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పే మనిషి, చివరికి "తెలీడం లేదురా" అన్నాడు.

అప్పుడు నేను చిన్న ఉపకారం చేయబోయాను. పెద్ద బండి ఒకటి గర్జించుకుంటూ పోతుంటే, దాని నెంబరు చూడకుండానే "సి, టి!" అని అరిచాను. క్యాట్. ఒకటో తరగతి పిల్లి.

లోపల నుంచి బావ మెల్లగా పిలిచాడు. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"అది ఆర్టీసీ బస్సు గదరా. ముప్పై ఏండ్లుగా ఆ మోత ఇంటాన్నా. ఆర్టీసీ నెంబరులో జెడ్ ఉంటాది. జెడ్ యాడబోయింది?"

నేను ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"నన్ను గెలిపిచ్చొద్దురా. నువ్వు ఎప్పుడన్నా గెలిపిచ్చినావా? ఓడిపోతే ఓడిపోనీ." తర్వాత గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాడు. "ఆ మిషన్ మంచం దిగినాక లేచేదానికే రెండు దినాలు పడతాంది. లేచేసరికి మళ్లా ఎక్కాల. ఇంటికాడ ఉంటానే."

అక్క లోపలికి పోయి గిన్నెలు కడిగింది. ఉన్నవి నాలుగు గిన్నెలు. అవి నలభై అయినట్టు కడిగింది.

మర్నాడు పొద్దున ఆటో వచ్చి హారన్ కొట్టింది. అక్కే బయటికి వెళ్లింది. "ఈ పొద్దు రాడులే నాయనా. పిలిస్తే వద్దువులే" అని పంపేసింది. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత నన్ను గడప మీద నుంచి లేపి, తాను కూర్చుంది.

"ఏమే, ఏం చేస్తాన్నావు?" లోపల నుంచి బావ.

"బండ్లు చూస్తాన్నా. ఇదో, కర్ణాటక కారు. మధ్యన మొదటిది నిచ్చెన మాదిరి ఉంది, ఒకటే మెట్టు. దాని పక్కన పాము మెలిక తిరిగింది."

అక్కకు ఇంగ్లీషు రాదు. ఏది తేలికో ఏది కష్టమో తెలియదు కాబట్టి ఆమె చూసింది చూసినట్టే చెప్పింది.

"హెచ్చు, ఎస్సు" అన్నాడు బావ. ఆ గొంతులో కొంచెం పాత హోటలు వినిపించింది. నాకు నాలుగైదు మాటలు తట్టాయి. అక్క నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టింది.

"హాస్పిటల్ అని వస్తాందే" అన్నాడు. "అది ఒద్దు. ఇంకోటి చూస్తా."

"చూడు" అంది అక్క, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా. "తొందరేముంది."