సంద్రపు తూనీగలు

పొద్దున అరుగు మీద లేసు అల్లుకుంటూ కూర్చున్నానా, పసుపు తూనీగ ఒకటొచ్చి దండేనికి వేలాడింది. అంతే, చేతిలో సూది ముందుకి సాగితే ఒట్టు. నరసాపురం రేవు పక్కన మా పాత పాక, తడి వలల వాసనతో సహా కళ్లముందుకొచ్చేసింది.

మా నాయనమ్మకి తూనీగలంటే పిచ్చి. వలలు ఆరేసిన కర్రల మధ్య నన్ను చెయ్యి పట్టుకు తిప్పుతూ అన్నిటికీ పేర్లు చెప్పేది. ఎర్రగా మెరిసేది మిరపపండు. ఒళ్లంతా నీలం పులుముకున్నది నీలిమందు. ఆకుపచ్చది పక్కవాటిని పట్టుకు తినే గయ్యాళి. "అచ్చం నా ఆడపడుచేనే!" అని నవ్వేది. పసుపువి మాత్రం రెండు రకాలు, చూడ్డానికి కవలలే. చేలవి కర్ర మీద అడ్డంగా కూర్చుంటాయి, సంద్రపువి నిలువుగా వేలాడతాయి. కార్తీకంలో గాలి తిరిగాక ఆ సంద్రపువి గుంపులుగా దిగేవి. నీరెండలో వాటి రెక్కలు మెరుస్తుంటే నాకు నిద్రలో నడుస్తున్నట్టుండేది.

ఒక ఏడు మా మేనత్త మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. మావాళ్లలో ఒక కట్టుబాటుండేది. సముద్రంలో తప్పిపోయిన మనిషిని సంద్రపు తూనీగలు దిగేదాకా పోయాడనకూడదు. అవి దిగినా పడవ రాకపోతే, ఇక ఆ ఇల్లాలి గాజులు తీయించేసేవారు.

దిగాయండీ. ఎంత అందంగా దిగాయో, పాడు తూనీగలు! సాయంత్రానికి పెద్దలు మా వాకిట్లోకొచ్చారు. మేనత్త వలకర్ర పట్టుకుని కదల్లేదు.

"ఇవి అవి కాదండి. చేలవండి. అడ్డంగా కూర్చున్నాయి, చూడండి," అంది.

కర్ర నిండా తూనీగలు నిలువుగా వేలాడుతున్నాయి.

అందరూ నాయనమ్మ వంక చూశారు. తూనీగల విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. ఆవిడ కర్ర దగ్గర వంగి చాలాసేపు చూసింది. తర్వాత కూతురి చేతుల వంక చూసింది.

"చేలవే నాయనా. సంద్రపువి ఇంకా రాలేదు," అంది. నాకు తేడా నేర్పిన మనిషే ఆవిడ! పెద్దలు కర్ర వంక ఇంకోసారి చూసి, కండువాలు దులుపుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ అవి వచ్చేవి, నాయనమ్మ చూసి కాదనేది. ఆవిడ పోయాక ఆ పని నాకొచ్చింది. మేనత్త గాజులతోనే ముసలిదైంది, గాజులతోనే వెళ్లిపోయింది.

ఇందాక మనవరాలు దండెం దగ్గర నిలబడి, "మామ్మా, ఇదేం తూనీగే?" అనడిగింది. నిజం నోటిదాకా వచ్చింది.

"చేలదేనమ్మా," అన్నాను. ఎన్నేళ్లు గడిచినా, మా ఇంట్లోకి ఆ కార్తీకం ఇంకా రానేలేదు.