వెళ్ళొస్తా

ముందు తాళం చప్పుడు వినిపిస్తుంది. మూడుసార్లు లాగి చూసుకున్న తాళం, దాని వెనకే "వెళ్ళొస్తా" అనే మాట. ఆ తర్వాతే మెట్ల మలుపులో దర్జీ తాతగారు కనిపిస్తారు. కొట్టు కట్టేసి ఆరేళ్ళయినా కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంటుంది. ఎదురైనవాళ్ళ భుజాలను కళ్ళతోనే కొలిచేస్తారు. ముఖాలు మాత్రం గుర్తుండవు. ఆయన ఒక్కరే ఉంటారనీ, ఆ మాట ఖాళీ ఇంటితో చెబుతారనీ పై వాటాలోకి కొత్తగా దిగిన టీచరుకు తెలియదు. తనకే చెప్పారనుకుని ఇవాళ గుమ్మంలోంచే, "మంచిది, వెళ్ళి రండి!" అంది. మెట్ల మీద మాటకు దిక్కు తెలియదు.

అరగంటకు ఆమె బడికి బయల్దేరి దిగేసరికి ఆయన తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద నిలబడి, టేపును వేలికి చుడుతూ విప్పుతూ, ఆయన ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ చూస్తున్నారు.

"లోపల్నించి ఎవరో బదులిచ్చారమ్మా. మంచం కింద చూశా, బీరువా వెనక చూశా. ఉన్నట్టా, లేనట్టా?"

"అయ్యో, అన్నది నేనే తాతగారూ!"

ఆయన ఆమె భుజాలను మెల్లగా కొలుచుకున్నారు.

"నువ్వా తల్లీ! మరైతే లోపల రెండో గ్లాసు టీ ఎవరికి పోశాను?"