ఒళ్లో అట్టపెట్టె

పొద్దున్నే కళ్లాపి చల్లాక విజయకుమారి పాతగుడ్డ పట్టుకుని మొగుడి బండి దగ్గరికి పోయేది. ఎడమవైపున్న శారీ గార్డు, దాని కింద పాదాలు పెట్టుకునే ఇనుప పలక, ఆ రెండే తుడిచేది. తక్కిన బండి ఎంత మట్టి కొట్టుకున్నా ఆమెకు పట్టేది కాదు.

"బండంతా తుడిస్తే చెయ్యి అరిగిపోద్దా మే?" అనేవాడు పెంచలయ్య.

"నేను కూచునే పక్క నాది. నీ పక్క నువ్వు తుడుచుకో."

పెంచలయ్య ఊరూరా తిరిగి గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు అమ్ముతాడు. వాళ్ల ఊరు ఉదయగిరికి అవతల, సీతారామపురం దారిలో బస్సు దిగి గంటసేపు నడిస్తే వస్తుంది. ప్రతి శనివారం మందు తేవడానికి అతను ఆత్మకూరు పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు సీసాల అట్టపెట్టెను ఒళ్లో పట్టుకోవడానికి వెనక మనిషి కావాలి. ఆ మనిషి విజయకుమారి. అతను మందుల కొట్లో ఉన్నంతసేపూ ఆమె తన అక్క వరదమ్మ నడిపే టైలరు షాపులో కూర్చునేది. జాకెట్లకు హుక్కులు కుడుతూ, వచ్చిన ఆడవాళ్ల కబుర్లకు కడుపు పట్టుకుని నవ్వేది. వారానికి ఆ మూడు గంటలు. తక్కిన రోజులన్నీ గొర్రెల దొడ్డి, పొయ్యి, అత్త దగ్గు.

పోయిన ఏడాది ఒక శనివారం బండి గతుకులో పడి, పెట్టె ఒళ్లోంచి జారింది. తొమ్మిది సీసాలు పగిలాయి. పెంచలయ్య తిట్టలేదు. సైడు బ్యాగులు బిగిద్దామన్నాడు.

మరుసటి వారం ఆత్మకూరులో అతని చెయ్యి చిన్న రెక్సిన్ బ్యాగుల మీదికి పోతే, విజయకుమారే అడ్డుపడింది. మూత, తాళం ఉన్న గట్టివి చూపించింది. లోపల జానతో కొలిచింది.

"వరసకు ఆరు సీసాలు. రెండు వరసలు పడతాయి. పెద్దవే తీసుకో."

మొగుడు తన మాట విన్నందుకు ఆమె మొహం వెలిగింది.

మెకానిక్ నాగేంద్రబాబు బండి ఎడమపక్క గొంతుకూర్చున్నాడు. "అన్నా, ఈ గార్డూ పలకా తీసెయ్యాల. స్టాండు ఈడనే గదా బిగించాల్సింది."

"తీసెయ్."

"మరి అక్క ఎట్ట కూచుంటాది?"

"పెట్టె పట్టుకునే పని తప్పిందిగా. ఇంట్లో సుఖంగా ఉంటాది."

విజయకుమారి చేతిలో కొత్త తాళంచెవి ఉంది. "ఆ చిన్నవి సరిపోవా?" అంది.

"ఏంది మే! ఇప్పుడే గదా పెద్దవంటివి? వరసలు గూడా లెక్కబెడితివి."

"రెండు పక్కలా కాళ్లేసి కూచుంటా."

"చీరతోనా? మాయమ్మ ఊళ్లోకి రానిస్తాదా నిన్ను?"

షాపులో వాళ్లంతా నవ్వారు. కాస్త ఆలస్యంగా ఆమె కూడా నవ్వింది.

ఆ సాయంత్రం పెంచలయ్య నిండు బ్యాగులతో బండి మీద వచ్చాడు. ఆమె బస్సు దిగి, పేపర్లో చుట్టిన గార్డునూ పలకనూ చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది.

బస్సులో పోయొస్తానని తర్వాత రెండుసార్లు అడిగింది. "ఆడేం పనుండాది నీకు?" అన్నాడు అతను. ఆమె మూడోసారి అడగలేదు.

గార్డును గొర్రెపిల్లల దొడ్డి కంతకు అడ్డం కట్టారు. అప్పటి నుంచి దారిలో ఒక్క సీసా పగల్లేదు. విజయకుమారి ఆత్మకూరు పోయి పద్నాలుగు నెలలైంది.