ఒక డిగ్రీ వాలు

టైల్స్ మేస్త్రికి రసమట్టంలో బుడగ కనబడక నాలుగు నెలలైంది. గాజు గొట్టం కనబడుతుంది. అందులో పచ్చటి నీరూ కనబడుతుంది. బుడగ ఒక్కటే లేదు. కంటి డాక్టరు లైటు వేసి చూసి, ఇది అద్దాలతో పోయేది కాదన్నాడు. ఆ మాట భార్యకూ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కాంట్రాక్టరు మర్నాటి నుంచి పిలవడు.

కూతురు ఫోన్లో మట్టం చూసే యాప్ వేసిచ్చింది. అంకె అరచేయంత ఉంది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

ఆ ఫోనుతోనే ఇవాళ ఒక ఇంట్లో బాత్రూం నేల పరిచాడు. ఇంటావిడ ముందే చెప్పింది.

"మేస్త్రీ, మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకోసారి పడితే లేవదు. చుక్క నీరు నిలవకూడదు."

"నిలిస్తే నన్నడగండమ్మా," అన్నాడు. ప్రతి టైలు మీదా ఫోను వెల్లకిలా పెట్టి, తల గోడవైపు ఉంచి, తూమువైపు ఒక డిగ్రీ వాలు చూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ వింత భార్యకు చూపించబోయాడు. పొయ్యి గట్టు మీద పెడితే సున్నాకు బదులు ఒకటి. గడప మీద ఒకటి. అలమర అరలోనూ ఒకటే. అన్నీ కళ్లు బాగున్న రోజుల్లో తన చేత్తో కట్టినవే.

"అప్పుడూ నాకు పని రాలేదన్నమాట," అంటూ నేల మీద కూలబడ్డాడు.

"గట్టు మీద పాలు పొంగినప్పుడల్లా తుడిచేది నేను. ఒక పక్కకే పోయింది ఎప్పుడూ లేదు. నీ పనికి వంకలు పెట్టడానికి నేనున్నాగా, మధ్యలో ఈ ఫోనెవరు?"

భార్య ఫోనును అటుదిటు తిప్పిపెట్టింది. మళ్లీ ఒకటే, కాకపోతే వాలు ఈసారి అటువైపు. వెనక్కి తిప్పి వేలితో తడిమింది.

"దీనికి గూని ఉందయ్యా! కెమెరా దగ్గర చూడు, ఎంత బుడిపో. పడుకోబెడితే తల లేవదూ మరి?" అని నవ్వింది.

మేస్త్రి నవ్వలేదు.

"ఆ బాత్రూమంతా ఇట్లాగే పెట్టి చూశాను. వాలు బుడిపెది. నేల చదునుగా ఉంది. నీళ్లు కదలవు."

"పొద్దున్నే వెళ్లి సరిచెయ్యి."

"పొద్దుటికి సిమెంటు పట్టేస్తుంది."

ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాడు. భార్య గుమ్మం దాకా వచ్చింది.

"టైల్స్‌లో లోపం ఉందని చెప్పు. కళ్ల సంగతి ఎత్తకు."

సరేనన్నాడు. దారి పొడవునా ఆ అబద్ధాన్నే వల్లె వేసుకున్నాడు.

ఇంటావిడ తలుపు తీసింది. ఆమె వెనక ముసలమ్మ గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

"ఏం మర్చిపోయారు మేస్త్రీ?"

"నాకు కళ్లు సరిగా కనబడవమ్మా," అన్నాడు. తర్వాత మిగిలిందంతా చెప్పాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తున్నా."

"చెయ్యండమ్మా. ఆయన వచ్చేలోపు లేపేస్తాను. సిమెంటు ఆగదు."

పక్కగదిలో ఆవిడ గొంతు పెరిగింది: "కళ్లు కనబడని మనిషినా మా ఇంటికి పంపేది?"

మేస్త్రి మోకాళ్ల మీద వంగి, వేలితో అతుకు వెతుక్కుని, ఉలి దూర్చాడు. మొదటి టైలు విరగకుండా లేచింది.